లో (Low) బ్యాండ్ మొదటి ఆల్బం ఎలా వినాలంటే, ముందు ఫ్యాన్ ఆపండి

ఈ ఆల్బం లింకు నేను ఇప్పటిదాకా ఓ పదిహేను మందికైనా పంపి ఉంటాను. అందులో చాలామంది మొదటి పాటలో రెండు నిమిషాలు కూడా దాటలేదు. "పాట ఇంకా మొదలవలేదేంట్రా" అని ఒకడు, "నెట్ స్లోగా ఉందేమో అనుకున్నా" అని ఇంకొకరు, "బాగానే ఉంది కానీ నిద్రొస్తోంది" అని మా కజిన్. వాళ్ళ తప్పేం లేదు. లింకు పంపానే గానీ ఎలా వినాలో నేను చెప్పలేదు. మనం మామూలుగా పాట వినే పద్ధతిలో, అంటే పని చేసుకుంటూ, బండి నడుపుతూ, పక్కన టీవీ మోగుతుండగా వింటే ఇందులో ఉన్నదేదీ చెవిన పడదు. అందుకే ఈసారి లింకు కాకుండా పద్ధతి రాస్తున్నాను.

ముందు అసలు ఏమిటిది అన్నది క్లుప్తంగా చెప్పేస్తాను. బ్యాండ్ పేరు లో (Low). అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, డలూత్ అనే ఊరు. 1993లో మొదలైంది. గిటారు, పాట అలన్ స్పార్‌హాక్, డ్రమ్స్, పాట మిమీ పార్కర్, బాస్ గిటారు జాన్ నికల్స్. అలన్, మిమీ భార్యాభర్తలు, క్లియర్‌బ్రూక్ అనే చిన్న ఊళ్ళో చిన్నప్పటి బడి రోజుల నుంచి ఒకరికొకరు తెలుసు. వీళ్ళ తొలి ఆల్బం పేరు ఐ కుడ్ లివ్ ఇన్ హోప్, 1994 ఫిబ్రవరి 18న వెర్నన్ యార్డ్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చింది. రికార్డు చేసింది క్రేమర్, అంతకుముందు గెలాక్సీ 500 అనే బ్యాండ్ ఆల్బంలు చేసిన ఆయనే. మొత్తం 11 పాటలు, అన్నిటికీ ఒక్క మాటే పేరు: వర్డ్స్, ఫియర్, కట్, స్లైడ్, లేజీ, లలబై, సీ, డౌన్, డ్రాగ్, రోప్, సన్‌షైన్. అన్నీ కలిపి 55 నిమిషాలకి కాస్త అటూ ఇటూ. ఈ తరహా సంగీతాన్ని స్లోకోర్ అంటారు. ఆ పేరు బ్యాండ్ వాళ్ళకి నచ్చేది కాదు, కానీ వెతకడానికి పనికొస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి. అన్నట్టు, బ్యాండ్ పేరు ఒక్కటే కొట్టి వెతికితే సవాలక్ష వస్తాయి, ఆల్బం పేరు మొత్తం కొట్టండి.

అప్పటి వాతావరణం ఒక్కసారి తలుచుకుంటే వీళ్ళు చేసిన పని ఎంత తెగింపో అర్థమవుతుంది. అమెరికాలో అది గ్రంజ్, అంటే నిర్వానా, సౌండ్‌గార్డెన్ లాంటి బ్యాండ్ల గోల రాక్, హోరెత్తిపోతున్న కాలం. నిర్వానా ఆఖరి స్టూడియో ఆల్బం వచ్చి అప్పటికి అయిదు నెలలు, సౌండ్‌గార్డెన్ పెద్ద ఆల్బం రావడానికి ఇంకో మూడు వారాలు. ఏ క్లబ్బులో చూసినా గిటార్లు గోడలు బద్దలయ్యేట్టు మోగుతున్నాయి. అలాంటి చోటికి ముగ్గురు వెళ్ళి, గుసగుసలాడినంత చప్పుడుతో, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చి వదిలేంత సమయం ఇచ్చి వాయించారు. జనం కబుర్లు చెప్పుకుంటూ గోల చేస్తే సౌండ్ పెంచాలి కదా, వీళ్ళు ఇంకా తగ్గించేవాళ్ళు. వినాలనుకున్నవాళ్ళు నోరు మూసుకుని ముందుకు వంగి వినాల్సిందే.

మీరు చేయాల్సింది కూడా అదే, ముందుకు వంగి వినడం.

ఏర్పాట్లు

మొదటిది సీలింగ్ ఫ్యాన్. మన ఇళ్ళలో ఫ్యాన్ చప్పుడు మనకి వినిపించడం ఎప్పుడో మానేసింది, కానీ అది ఉంది, పైగా ఈ ఆల్బంలో డ్రమ్ము మీద బ్రష్ చేసే శబ్దమూ ఫ్యాన్ రెక్కల గాలి శబ్దమూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. నేను ఏడాదిపాటు ఫ్యాన్ కిందే విన్నాను. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది, ఫోనులో ఛార్జింగ్ ఉంది, పాట ఆడుతూనే ఉంది, ఫ్యాన్ మెల్లగా ఆగుతూ వస్తుంటే, అప్పటిదాకా నేను లేదనుకున్న ఒక పొర పైకి తేలింది. స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద బ్రష్ జారుతున్న చప్పుడు. ఎవరో పక్కగదిలో చాప ఊడుస్తున్నట్టు, అంత మెత్తగా. ఆ రోజు నుంచి ఈ ఆల్బం పెడితే ఫ్యాన్ ఆపేస్తాను. ఎండాకాలం కష్టమే, అందుకని తెల్లవారుజామున అయిదింటికి పెట్టుకోండి, లేదా వాన పడి వాతావరణం చల్లబడిన రాత్రి. ఏసీ ఉంటే గది చల్లబడ్డాక ఆపేసి వినండి.

రెండోది ఫోను సెట్టింగులు. పాటల యాప్‌లలో ఒక పాట అవుతుండగానే ఇంకో పాట మొదలయ్యేలా క్రాస్‌ఫేడ్ అని ఒకటి ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. పాట చివర ఆఖరి స్వరం గాల్లో కరిగిపోవడానికి వీళ్ళు ఇచ్చిన సమయాన్ని అది కోసి పారేస్తుంది. షఫుల్ వద్దు. ఈక్వలైజర్‌లో బాస్ బూస్ట్ ఉంటే తీసేయండి, ఈ ఆల్బంలో బాస్ ఇప్పటికే చాలా ముందుకు ఉంది, ఇంకా పెంచితే బురద అయిపోతుంది. ఆటోప్లే కూడా ఆపండి, లేకపోతే చివరి పాట ముగియగానే యాప్ తనకి తోచిన ఇంకో పాట తెచ్చి నెత్తిన పడేస్తుంది, అంతకంటే పెద్ద అన్యాయం ఇంకోటి ఉండదు.

హెడ్‌ఫోన్సా స్పీకరా అంటే, మొదటి రెండు మూడుసార్లు హెడ్‌ఫోన్స్. ఖరీదైనవి అక్కర్లేదు, వైరు ఉన్న మామూలువి చాలు. తర్వాత స్పీకరులో వినండి, ఎందుకంటే ఇది గదిలో గాలిని నింపాల్సిన సంగీతం. క్రేమర్ రికార్డు చేసిన పద్ధతిలో రీవెర్బ్ బాగా ఉంటుంది, ఖాళీ గుడి మండపంలో చప్పట్లు కొడితే వెనక్కి వచ్చే ఆ గుంయ్ ఉంటుందే, గిటారుకి, గొంతులకి అది అంటుకుని ఉంటుంది. వాల్యూమ్ మీరు మామూలుగా పెట్టేదానికంటే కొంచెం తక్కువ పెట్టండి. ఎక్కువ కాదు, తక్కువే. ఎవరో మెల్లగా మాట్లాడుతుంటే చెవి అటు తిప్పుతాం చూడండి, చెవికి ఆ పని ఉండాలి.

బండి మీద, బస్సులో, ట్రాఫిక్‌లో వద్దు. చదువుకుంటూ వినే ప్లేలిస్టుల్లోనూ, నిద్ర పట్టించే ప్లేలిస్టుల్లోనూ ఈ బ్యాండ్ పాటలు కనబడుతుంటాయి. ఎవరి ఇష్టం వాళ్ళది గానీ, మొదటిసారి మాత్రం ఆ దారిలో వెళ్ళకండి.

మొదటి రోజు ఒక్క పాటే

55 నిమిషాలూ ఒకేసారి వినేయాలని కూర్చోకండి. మొదటి రోజు వర్డ్స్ ఒక్కటే, అయిదు నిమిషాల ముప్పావు, మూడుసార్లు. అంటే పావుగంటకి కాస్త ఎక్కువ.

మొదటిసారి వినేటప్పుడు అరచేత్తో తొడ మీద తాళం వేయండి. మీ చెయ్యి పాటకంటే ముందు పడిపోతుంది. తప్పకుండా పడుతుంది. మనకి అలవాటైన వేగం ఒంట్లో ఉండిపోయి ఉంటుంది కాబట్టి, దెబ్బ ఇప్పుడొస్తుంది అని చెయ్యి దిగిపోతుంది, పాటలో మాత్రం అది ఇంకా రాదు. మళ్ళీ వేయండి, మళ్ళీ ముందే పడుతుంది. పాట సగానికి వచ్చేసరికి చెయ్యి గాల్లో ఆగి ఎదురుచూడటం నేర్చుకుంటుంది. నాకు ఈ ఆల్బం అంతా ఆ చెయ్యి గాల్లో ఆగిన చోటే ఉంది. ఆ ఖాళీ ఊరికే వదిలేసింది కాదు, ముగ్గురూ కలిసి వాయిస్తున్నది. ఒకళ్ళు కొంచెం తొందరపడినా అది విరిగిపోతుంది, వాళ్ళు తొందరపడరు.

కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. క్షేత్రయ్య పదాన్ని చౌకకాలంలో పాడుతుంటే తాళం ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బకి వెళ్ళేలోపు ఎంత జరుగుతుందో మీకు తెలుసు. తేడా ఏంటంటే అక్కడ ఆ ఖాళీని గమకం నింపుతుంది, ఇక్కడ దాన్ని ఖాళీగానే ఉంచుతారు. ఆ తేడాకి అలవాటు పడటానికి నాకు కొన్నాళ్ళు పట్టింది.

రెండోసారి బాస్ ఒక్కదాన్నే పట్టుకోండి. జాన్ నికల్స్ ఈ బ్యాండ్‌తో చేసిన ఆల్బం ఇదొక్కటే, తర్వాతి ఆల్బంకి జాక్ శాలీ వచ్చాడు. రాక్ పాటల్లో బాస్ సాధారణంగా అడుగున ఉండి పునాదిలా పని చేస్తుంది, ఇక్కడ మాత్రం పాటని చెయ్యి పట్టుకుని నడిపించేది అదే. గిటారు దాని చుట్టూ ఒక్కొక్క తీగే మీటుతూ తిరుగుతుంది. బాస్‌ని పట్టుకున్నారంటే "పాట మొదలవలేదు" అనే ఫిర్యాదు పోతుంది.

మూడోసారి డ్రమ్స్, గొంతులు.

బ్రష్ గురించి

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మిమీ పార్కర్ వాయించే పద్ధతి తెలియకుండా ఈ ఆల్బం సగమే వినిపిస్తుంది. మామూలు రాక్ డ్రమ్మర్ కూర్చుని, చుట్టూ అయిదారు డ్రమ్ములు, మూడు నాలుగు సింబల్స్ పెట్టుకుని, కాలితో బాస్ డ్రమ్ కొడుతుంటాడు. ఆవిడ నిలబడి వాయించేది. ముందు ఒక స్నేర్, ఒక ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ము), ఒక సింబల్, అంతే. కాలితో కొట్టేది ఏదీ లేదు. చేతుల్లో కర్రల బదులు ఎక్కువగా బ్రష్‌లు. అంత తక్కువ సామానుతో వాయిస్తున్నప్పుడు ప్రతి దెబ్బా బయటికి కనిపిస్తుంది, దాక్కోవడానికి చోటుండదు.

బ్రష్ శబ్దం ఎలా ఉంటుందో తెలియకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఒక అట్టపెట్టె మూత తీసుకోండి, బట్టలుతికే బ్రష్‌తో దాని మీద మెల్లగా గుండ్రంగా రాయండి, మధ్యలో ఒకసారి చిన్నగా తట్టండి. స్స్స్... తప్. అదే. జాజ్ డ్రమ్మర్లు కూడా బ్రష్ సాధన అట్టల మీద చేస్తుంటారు. రెండు నిమిషాలు అలా చేసి వెంటనే వర్డ్స్ పెట్టండి, చెవికి ఇప్పుడు ఏం వెతకాలో తెలుసు కాబట్టి ఆ శబ్దం ఎక్కడున్నా పట్టేస్తుంది. మా అక్క కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, నాతో పాటు ఇలా అట్ట మీద గీసి, పాట విని, "మామయ్యా, ఆంటీ కొట్టట్లేదు, నిమురుతోంది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

గొంతుల సంగతి. అలన్ గొంతు నిదానంగా, కొంచెం దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మిమీ గొంతు దానికి పక్కనే నిలబడుతుంది. పోటీ పడదు, పైకి ఎగరదు, సాగదీయదు, కంపించదు కూడా, తిన్నగా గీసిన గీతలా ఉంటుంది. ఇద్దరూ కలిసిన చోట అది రెండు గొంతులని మర్చిపోతాం. మన సినిమా పాటల్లో యుగళగీతం అంటే ఒకరు ఒక చరణం, ఇంకొకరు ఇంకో చరణం, మధ్యలో ఇద్దరూ. ఇక్కడ అలా పంచుకోరు. ఒకే వాక్యాన్ని ఇద్దరూ ఒకే ఊపిరితో, వేర్వేరు స్వరాల్లో మోస్తారు. పదేళ్ళ వయసు నుంచి తెలిసిన ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే అడుగులు వాటంతట అవే కలుస్తాయి కదా, అలా.

మాటలు అర్థం కాలేదని టెన్షన్ పడకండి. ఆల్బం మొత్తంలో మాటలు చాలా తక్కువ, కొన్ని పాటల్లో నాలుగైదు వాక్యాలే ఉంటాయి, అవి కూడా ఎవరికి ఏం జరిగిందో పూర్తిగా చెప్పవు. లిరిక్స్ తెరిచి పెట్టుకుని వినడం వద్దు, మొదటి వారం అసలు వద్దు. కళ్ళు వాక్యం చివరికి ముందే వెళ్ళిపోతాయి, పాట ఇంకా మొదటి మాట దగ్గరే ఉంటుంది.

రెండో రోజు లలబై, రాత్రి పూట

లలబై అంటే జోలపాట. మన జోలపాటలకి లాగా ఊపు ఉండదు, ఊయల కదలదు. తొమ్మిది నిమిషాల ముప్పావు దాకా సాగే ఈ పాటని పాడేది మిమీ. నాకు ఈ ఆల్బంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, దీని కోసమే మిగతా పదీ విన్నా నష్టం లేదంటాను.

ఇది వినేటప్పుడు లైటు ఆపేయండి. పడుకుని కాదు, గోడకి ఆనుకుని కూర్చుని. పడుకుంటే నిద్రపోతారు, ఆ చివరి నాలుగు నిమిషాలు పోతాయి. పాట ఇంకా చాలా మిగిలి ఉండగానే మాటలు అయిపోతాయి, ఆ తర్వాత వాద్యాలే. గిటారు ముందు ఎలా మీటుతుందో అలాగే మీటుతూ ఉంటుంది, ఎక్కడా ఒక్కసారిగా పెరగదు, కానీ ఏ నిమిషానికి ఆ నిమిషం ఇంకో పిసరు దగ్గరికి వస్తుంది. చెరువులో నీళ్ళు పెరగడం మనం చూడలేం, గట్టు మీద గుర్తు మునిగాకే తెలుస్తుంది. ఇదీ అంతే. ఎక్కడ పెరిగిందో చెప్పమంటే చెప్పలేం, కానీ ఎనిమిదో నిమిషంలో ఒకసారి ఆపి మొదటి నిమిషానికి వెనక్కి వెళ్ళి చూడండి, రెండూ వేరే పాటల్లా ఉంటాయి. (మొదటిసారే అలా చేయకండి. మూడోసారో నాలుగోసారో.)

నేను ఈ పాటని వాళ్ళ ఊళ్ళో విన్నాను. ఉద్యోగం పని మీద కొన్నాళ్ళు మినియాపొలిస్‌లో ఉన్నప్పుడు జనవరిలో ఒక శనివారం డలూత్‌కి బయల్దేరాం, నేనూ ఇంకో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళూ. ఐ-35 హైవే మీద ఉత్తరానికి రెండున్నర గంటల దారి. ఊరు దగ్గర పడ్డాక రోడ్డు కొండ దిగుతుంది, దిగుతుండగా ఎదురుగా లేక్ సుపీరియర్. సరస్సు అన్నారు గానీ అవతలి ఒడ్డు కనబడదు, మా విశాఖ కుర్రాడు దాన్ని చూసి సముద్రం అనే అన్నాడు. ఒడ్డున గడ్డకట్టిన మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నీళ్ళు కదిలినప్పుడల్లా అవి ఒరుసుకుంటున్న చప్పుడు. గాజులు నిండిన బుట్టని ఎవరో చాలా నిదానంగా పక్కకి జరుపుతున్నట్టు. నీళ్ళమీద నుంచి ఆవిరి లేస్తోంది, చలి మరీ ఎక్కువైనప్పుడు అక్కడ అలా లేస్తుందట. అయిదు నిమిషాల కంటే బయట నిలబడలేకపోయాం. కారులోకి వచ్చి, ఇంజను ఆపేసి, ముగ్గురం ఏం మాట్లాడకుండా లలబై విన్నాం. పాట అయ్యేసరికి అద్దాల లోపలివైపు మా ఊపిరి గడ్డకట్టింది.

ఊరు అలా ఉంటే పాట అలా ఉంటుంది అని తేలిగ్గా చెప్పేయొచ్చు, కానీ అదే ఊళ్ళో ఎన్నో హోరు బ్యాండ్లూ ఉన్నాయి, బాబ్ డిలన్ పుట్టింది కూడా అక్కడే. నిదానం ఊరు ఇచ్చింది కాదు, వీళ్ళు ఎంచుకున్నది. అయినా ఆ మంచు చప్పుడు విన్నాక ఈ ఆల్బంలో సింబల్ మోగిన ప్రతిసారీ నాకు ఆ ఒడ్డు గుర్తొస్తుంది.

మొత్తం ఆల్బం

ఇప్పుడు ఒక గంట ఖాళీ పెట్టుకుని మొత్తం వినండి. వరసలోనే. ఫియర్, సీ లాంటి చిన్న పాటలు ఊరికే మధ్యలో పడేసినవి కావు. లలబై అంత పెద్ద పాట తర్వాత సీ రావడం, మెట్లెక్కి అలిసిపోయాక చిన్న అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత వచ్చే డౌన్ మళ్ళీ ఏడు నిమిషాల పైన. దాని దగ్గర చాలామందికి మనసు ఎటో వెళ్ళిపోతుంది, నాకూ వెళ్తుంది. వెళ్ళనివ్వండి. బలవంతంగా వెనక్కి లాక్కురావద్దు, బాస్ ఎక్కడుందో చూసుకుంటే అదే తీసుకొస్తుంది.

రోప్ గురించి ఒక మాట ముందే చెప్పాలి. పేరు చూస్తే తాడు, పాట కూడా ఆ చీకటి వైపే వెళ్తుంది, ప్రాణం తీసుకోవడం చుట్టూ తిరిగే మాటలు అందులో ఉన్నాయి. సంగీతంగా అది ఆల్బంలో చాలా బలమైన పాట. కానీ మనసు బాగా కుంగి ఉన్న రోజుల్లో దాన్ని దాటేయండి, ఆ రోజుకి ఆల్బమే వద్దనుకోండి, దగ్గరివాళ్ళెవరికైనా ఫోన్ చేసి మాట్లాడండి. పాట ఎక్కడికీ పోదు, బాగున్న రోజు వినొచ్చు.

దాని తర్వాత వచ్చే ఆఖరి పాట సన్‌షైన్. ఇది వీళ్ళు రాసింది కాదు. యూ ఆర్ మై సన్‌షైన్ అని అమెరికాలో పిల్లాజెల్లా అందరికీ వచ్చే పాత పాట, 1940లో జిమ్మీ డేవిస్ పాడి ఊరూరా మోగించాడు, తర్వాత ఆయన లూసియానా రాష్ట్రానికి గవర్నరు కూడా అయ్యాడు. మనలో చాలామంది కాన్వెంటులో చప్పట్లు కొడుతూ పాడిన పాట. చప్పట్లు కొట్టేంత వేగంలో పాడుకున్నాం కాబట్టి అది సంతోషమైన పాట అనుకున్నాం. వీళ్ళు దాన్ని తమ వేగానికి దించారు, అప్పుడు తెలుస్తుంది అది వదిలి వెళ్ళిపోవద్దని బతిమాలుకుంటున్న మనిషి పాట అని. మాటలు మార్చలేదు, వేగం ఒక్కటే మారింది. మొదటి రోజు మీ చెయ్యి గాల్లో ఆగిందే, ఆ ఖాళీలో ఏం పడుతుందో ఇక్కడ కనబడుతుంది. అందుకే ఇంకోసారి చెబుతున్నాను, ఈ పాటని విడిగా వినకండి. మిగతా పది పాటలూ దాటుకుని దీని దగ్గరికి రండి.

గిటారు వాయించేవాళ్ళకి

మీకు నాలుగు కార్డ్స్ వచ్చినా చాలు, ఒక సాయంత్రం ఇది చేయండి. డిస్టార్షన్ లేకుండా, రీవెర్బ్ కాస్త ఎక్కువ పెట్టుకుని, ఒక మైనర్ కార్డ్‌ని తీగ తీగగా మీటండి. చివరి తీగ మోత పూర్తిగా చచ్చిపోయేదాకా చెయ్యి కదపకండి. ఆ తర్వాతే రెండో కార్డ్. అకూస్టిక్ గిటారైతే ఏ సెట్టింగూ అక్కర్లేదు, బాత్రూం పక్కన ఖాళీ గదిలో కూర్చోండి. పక్కన ఇంకొకరుంటే అట్టపెట్టె, బ్రష్ వాళ్ళకిచ్చి ప్రతి నాలుగో లెక్కకి ఒక్కసారి తట్టమనండి. పది నిమిషాలు ఒకే వేగం మీద నిలబడగలరేమో చూడండి. నేనూ నా రూమ్మేటూ ప్రయత్నించాం, మూడో నిమిషానికే ఇద్దరం తెలియకుండా పరుగెత్తడం మొదలుపెట్టాం. వేగంగా వాయించడానికి సాధన కావాలని అందరికీ తెలుసు, నిదానంగా నిలబెట్టడానికి కావాల్సిన సాధన ఎంతో ఆ రోజు వేళ్ళకి తెలిసింది. మర్నాడు వర్డ్స్ వింటే ఆ ముగ్గురి మీద గౌరవం పదింతలైంది.

తర్వాత ఎటు వెళ్ళాలి

ఈ ఆల్బం పట్టుబడితే దాని తర్వాత 1995లో వచ్చిన లాంగ్ డివిజన్ వినండి, అదీ క్రేమర్ దగ్గరే చేశారు, ఇంకా విడమరిచి, ఇంకా పల్చగా ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా 2001లో వచ్చిన థింగ్స్ వీ లాస్ట్ ఇన్ ద ఫైర్‌కి దూకండి, స్టీవ్ అల్బీనీ రికార్డు చేసింది, గొంతులు గదిలో మీ ఎదురుగా ఉన్నంత దగ్గరగా ఉంటాయి. 2018లో వచ్చిన డబుల్ నెగటివ్ మాత్రం ఇప్పుడే వద్దు. అందులో శబ్దాలన్నీ కావాలని చింపి, నలిపి, కాల్చి పెట్టారు. పాత ఆల్బంలు బాగా ఒంటబట్టాక వింటే, ఆ శిథిలాల మధ్య నుంచి ఆ ఇద్దరి గొంతులూ మునుపటిలాగే తిన్నగా రావడం ఒళ్ళు జలదరించేలా చేస్తుంది. ఇతర బ్యాండ్లు కావాలంటే వీళ్ళకంటే ముందే న్యూయార్క్‌లో కోడీన్, శాన్‌ఫ్రాన్సిస్కోలో రెడ్ హౌస్ పెయింటర్స్, టెక్సస్‌లో బెడ్‌హెడ్. కోడీన్‌లో గిటారు బరువు ఎక్కువ, బెడ్‌హెడ్‌లో గిటార్లే ఎక్కువ. మొదట బెడ్‌హెడ్ వైపు వెళ్ళమంటాను.

మిమీ పార్కర్ 2022 నవంబరు 5న క్యాన్సరుతో పోయారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు నడిచిన బ్యాండ్ ఆవిడతోనే ఆగిపోయింది. ఆ వార్త చూసిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను, పక్కన ఎవరికీ ఆ పేరు తెలియదు, ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. ఇంటికి వచ్చి ఏ పాట పెట్టాలా అని ఎక్కువ ఆలోచించలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఎవరావిడ" అని అడిగితే లలబై పంపిస్తాను, కింద ఒక్క లైను రాస్తాను: రాత్రి పూట, గోడకి ఆనుకుని, ఫ్యాన్ ఆపి.